నడకక్క ఎడమ భుజం

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నడకక్క నడిచి తింది. చాలా ఏళ్లపాటు ఆవిడ ఉద్యోగం నడవడమే. పొద్దున్నే బూట్ల ఫ్యాక్టరీకి వెళ్లి, పై అంతస్తులో ఉన్న పొడవాటి వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, సాయంత్రానికి ఇంటికొచ్చేది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు ఆవిడ ఆడబిడ్డ నోరు వెళ్లబెట్టింది.

"నడిచినందుకు జీతమా వదినా? అయితే మా ఆయనకి మీ కంపెనీవాళ్లు ఈపాటికి మేడ కట్టించి ఉండాలి. కాళ్లకి బలపాలు కట్టుకుని పుట్టాడు మహానుభావుడు!"

నడకక్క నవ్వింది. నడవడం ఎవరికి రాదు? కానీ నిన్న నడిచినట్టే ఇవాళ, ఇవాళ నడిచినట్టే వచ్చే ఏడాది నడవడం ఎంతమందికి వస్తుందో ఆ ఆడబిడ్డ మొగుణ్నే ఒకసారి నడిచి చూడమనండి. కొత్త బూటు తయారైతే అది మడమను నొక్కుతోందా, మోకాలిని వంకర తిప్పుతోందా తెలుసుకోవాలి కదా. నడిచే మనిషి రోజుకో రకంగా నడిస్తే తప్పు బూటుదో కాలిదో ఎవరు చెప్పగలరు? తక్కెడ సరిగా ఉంటేనే సరుకు బరువు తెలుస్తుంది. ఆ ఫ్యాక్టరీకి నడకక్క కాళ్లే తక్కెడ.

అసలు ఆవిడ చేరింది అడుగుభాగాలకు జిగురు పూసే విభాగంలో. ఒకరోజు నిండుగా జిగురు ఉన్న పళ్లెం పట్టుకుని, ఏదో పరధ్యానంలో, బొట్టు తొణక్కుండా మెట్లెక్కి వస్తుంటే అప్పటి మేనేజరు చూశాడు. మర్నాడే పైకి రమ్మన్నారు. ఒంటి నిండా సెన్సర్లు కట్టి చెప్పులు లేకుండా నడిపించారు. ఆ నడకను కంప్యూటరులో దాచి దానికి మూలనడక అని పేరు పెట్టారు. అప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీలో తయారైన ప్రతి ఆడవాళ్ల బూటునూ ఆ నడకతోనే పోల్చి చూసేవారు.

సెన్సర్లను ఫ్యాక్టరీలో అందరూ గింజలనే అంటారు. నల్లగా, నున్నగా, అగ్గిపెట్టెలో సగం ఉంటాయి. సాగే పట్టీలతో వాటిని రెండు చీలమండలకు, రెండు మోకాళ్లకు, నడుముకు, వీపుకు, రెండు భుజాలకు కట్టాలి. కట్టాక కాసేపు బొమ్మలా నిలబడాలి. చేతులు పక్కలకు వదిలేసి, చూపు ఎదురుగా పెట్టి, మాటా పలుకూ లేకుండా. ఆ కాసేపట్లోనే గింజలు ఒంటిని గుర్తుపడతాయి. అప్పుడు తెర మీద గీతల మనిషి ఒకటి లేచి నిలబడుతుంది. దానికి ముఖం ఉండదు, బట్టలుండవు. నడకక్క కాలెత్తితే అదీ కాలెత్తుతుంది.

ఆ నిలబడే కాసేపు ఆవిడకు ఎంతో ఇష్టం. ఇంట్లో అలా నిలబడితే "పొయ్యి మీద ఏదో మాడుతోంది" అని ఎవరో ఒకరు కేకేస్తారు. ఇక్కడ ఊరికే నిలబడటం కూడా పనే.

ఆ తర్వాత నడక. వసారాకు ఒక పక్కంతా కిటికీలు. పొద్దుటెండ నేల మీద పలకలు పలకలుగా పడేది. నేల మీది పరుపు సగం దాకా బూడిద రంగు, అక్కణ్నుంచి నీలం. పాత పరుపు చిరిగినప్పుడు అదే రంగు దొరక్క, దొరికింది అతికించేశారు. మిగతావాళ్లకు అది పిసినారితనం. నడకక్కకు మాత్రం అది నీళ్ల ఒడ్డు. ఒడ్డు దాటి నీళ్ల మీద కాలు పెట్టేది, పాదం తడవకుండా నడిచిపోయేది. కాళ్ల పని కాళ్లు చూసుకుంటుంటే మనసు ఎక్కడెక్కడో తిరిగేది. చిన్నప్పుడు ఆరేసిన దుప్పట్ల మధ్య దారి తప్పడం, చనిపోయిన అమ్మ గొంతు, ఎప్పుడూ చూడని ఊళ్ల వీధులు, అన్నీ ఆ నీలం పరుపు మీద ఆవిడకు ఎదురొచ్చేవి. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే నిద్రలోంచి లేచినట్టు చూసేది. "ఎంతదూరం వెళ్లొచ్చావక్కా?" అని అడిగేది కొలతలమ్మాయి.

కొలతలమ్మాయి అంటే గింజలు కట్టి తెర ముందు కూర్చునే పిల్ల. బాగా చదువుకుంది, చేసే పని ప్రాణం పెట్టి చేస్తుంది. పట్టీ బిగుతుగా ఉంటే నడకక్క చెప్పకముందే వదులు చేసేది.

ఇంటి దగ్గర కథ వేరు. నడకక్క భర్త బస్సు డ్రైవరు. చక్రం వదిలేసి చాలాకాలమైనా అందరూ ఇంకా డ్రైవరుగారనే పిలుస్తారు. ఆయన చూపు ఒక్కసారిగా పోలేదు. చలికాలం బస్సు అద్దానికి మంచు పట్టినట్టు అంచుల నుంచి లోపలికి కమ్ముకుంటూ వచ్చింది. మొదట ఒక మెట్టు కనపడలేదు. తర్వాత పక్కనుంచి వచ్చే సైకిలు కనపడలేదు. ఆయనే వెళ్లి తాళంచెవులు డిపోలో ఇచ్చేసి వచ్చాడు. చివరికి వెలుగు ఎటుందో తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చాడు.

డాక్టరు కర్ర ఇచ్చాడు. దాన్ని తలుపు వెనక నిలబెట్టి మళ్లీ ముట్టుకోలేదు ఆయన.

"కర్ర పట్టుకుంటే గుడ్డివాణ్నని ఊరంతా తెలుస్తుంది," అన్నాడు. "నీ భుజం పట్టుకున్నాననుకో, ఎంత అందగత్తో పెళ్లాం, వదిలిపెట్టడం లేదు అనుకుంటారు."

"ఈ వయసులో ఆ ముచ్చటొక్కటే తక్కువైంది," అంది ఆవిడ. అని భుజం ఇచ్చింది.

అలా రోజూ సాయంత్రం ఇద్దరూ బయల్దేరేవారు. ఆవిడ ఒక అడుగు ముందు, ఆయన వెనక ఎడంపక్కన, ఆయన కుడిచెయ్యి ఆవిడ ఎడమ భుజం మీద. కాగితాల కొట్టు దాటి, మందుల షాపు దాటి, బస్సు డిపో దాకా. గేటు పక్కన బల్ల మీద కూర్చుని ఆయన బస్సులు వినేవాడు. ఇంజను చప్పుడును బట్టి ఏ బండో చెప్పేవాడు. "దీనికి క్లచ్చి పోతోంది, వాడికి చెప్పండిరా," అని కేకేస్తే లోపలి కుర్రడ్రైవర్లు "సరే గురువుగారూ!" అని జవాబిచ్చేవారు. ఆ కాసేపూ ఆయన ముఖం చూడాలి, వెలిగిపోయేది. రోజంతా ఆయన బతికేది ఆ గంట కోసమే. అది నడకక్కకు తెలుసు.

దారిలో మెట్టుందనీ గుంటుందనీ ఆవిడ ఏనాడూ నోటితో చెప్పలేదు. ఆయనా అడగలేదు. కూరగాయల ధరలూ, పక్కింటివాళ్ల పోట్లాటలూ మాట్లాడుకుంటూ వెళ్లిపోయేవారు. మెట్టు దగ్గర ఆయన కాలు దానంతటదే దిగేది. ఏళ్ల తరబడి డ్రైవింగు చేసిన మనిషి, దారి గుర్తుండదా అనుకునేది ఆవిడ.

అలా ఉండగా ఒకరోజు పొద్దున కొలతలమ్మాయి తెరవంక చూసి, మళ్లీ నడవమంది. మళ్లీ నడిచాక ఇంకోసారి నడవమంది. గింజలన్నీ విప్పి, మార్చి కట్టి, ఇంకోసారి. తెర మీద మూలనడక గీత ఆకుపచ్చ. ఇవాళ్టి నడక గీత దాని మీద పడకుండా పక్కకు జరిగి, ఎర్రగా కనపడింది.

"నీకేమైనా నొప్పిగా ఉందా అక్కా?" అంది మెల్లగా.

"లేదే."

"కొన్ని నెలలుగా కొంచెం కొంచెంగా జరుగుతోంది. ఏదో ఒకరోజు వెనక్కొస్తుందిలే అనుకున్నాను. ఇప్పుడు బాగా దాటిపోయింది. నేను చెప్పక తప్పదక్కా."

సూపర్‌వైజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ ఆర్డర్లు నెత్తి మీద కూర్చున్న మనిషి. డాక్టరుతో పరీక్ష చేయించాడు. ఎముకలు బాగున్నాయి, కీళ్లు బాగున్నాయి. "ఇంటి దగ్గర బరువులేమైనా మోస్తున్నావామ్మా?" అనడిగాడు సూపర్‌వైజరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నడకక్క చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదకు పోయింది. చప్పున దించేసుకుని, "ఏమీ లేదండీ," అంది.

"అయితే నీ పాత నడక నువ్వు తెచ్చుకో. నెలాఖరుకి మళ్లీ చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే మనిషిని పెట్టుకోక తప్పదు. ఇక్కడే కాదు, ఇంటి దగ్గరా, బజార్లోనూ అలాగే నడువు. ఒంటికి అలవాటవ్వాలి."

ఉద్యోగం పోతే ఇంకో పని దొరక్కపోదు. కానీ ఆ వసారా, ఆ ఎండ పలకలు, ఆ నీలం నీళ్లు? ఆవిడకంటూ ఉన్న చోటు ప్రపంచంలో అదొక్కటే. అది పోతుందంటే తట్టుకోలేకపోయింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే డ్రైవరుగారు ఏమంటాడో తెలుసు. "నా చెయ్యి వల్లేనేమో, రేపట్నుంచి నేను రాను," అంటాడు. అన్నవాడు అన్నంత పనీ చేస్తాడు.

కొలతలమ్మాయి పాత మూలనడకను తెర మీద పెట్టి చూపించింది. గీతల మనిషి ఒకతి, తల నిటారుగా, రెండు భుజాలూ సమంగా, తేలిపోతున్నట్టు నడిచి వెళ్లిపోయింది. అది తనే. కానీ తనకంటే పొడుగ్గా అనిపించింది. "దిష్టి తగిలేలా ఉంది," అంది నడకక్క. ఆ వయసులో తన నడకను తనే కాపీ కొట్టాల్సి వచ్చింది పాపం. భోజనాల వేళ కూడా తెర ముందు నిలబడి దాన్ని చూసి నేర్చుకునేది. ఇంట్లో ఎడమ భుజం మీద తువ్వాలు మడతపెట్టి వేసుకుని, అది జారకుండా వంటింట్లోంచి ముందుగదికి, ముందుగదిలోంచి వంటింట్లోకి తిరిగేది.

"ఏంటే, నాటకంలో వేషమేమైనా కట్టావా?" అన్నాడు డ్రైవరుగారు కుర్చీలోంచి. "అడుగులు కొత్తగా వినపడుతున్నాయి."

"చెప్పులు కొత్తవండీ," అని అబద్ధమాడింది.

హంసనడక నేర్వబోయి కాకి తన నడక మరిచిందంటారు. నడకక్క విషయంలో హంసా తనే, కాకీ తనే. నెల సగమయ్యేసరికి తువ్వాలు జారడం మానేసింది. ఎర్ర గీత మెల్లగా ఆకుపచ్చ గీత దగ్గరకు వచ్చింది. ఒకరోజు రెండూ కలిసిపోయాయి. కొలతలమ్మాయి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. నడకక్క ఆ సాయంత్రం అదే నడకతో ఇంటికి వచ్చి, అదే నడకతో భర్తకు భుజమిచ్చి బయల్దేరింది. మనసు గాలిలో తేలుతోంది. కాగితాల కొట్టు దాటారు. మందుల షాపు దాటారు. డిపో గేటు ముందు కాలిబాట అయిపోయే చోట ఆవిడ హంసలా దిగింది.

ఆయన దిగలేదు. గాల్లో కాలు వేశాడు.

పడటం పడటం మోకాళ్ల మీద పడ్డాడు. కుడి మణికట్టు నేలకు కొట్టుకుంది. లోపలున్న డ్రైవర్లు పరిగెత్తుకొచ్చి లేపారు. ఆయన నొప్పి అనలేదు, తిట్టలేదు. ఆవిడ వైపు ముఖం తిప్పి, "చెప్పలేదేంటే?" అన్నాడు.

"ఏం చెప్పలేదు?"

"మెట్టుందని. రోజూ చెప్తావుగా."

"నేనెప్పుడు చెప్పానండీ?"

"రోజూ చెప్తావు," అన్నాడు ఆయన. "భుజంతో."

ఇంటికొచ్చి, చేతికి కట్టు కట్టించుకుని, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడు సాయంత్రం ఆవిడ చెప్పులు తెచ్చి పెడితే కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"నేను రానే. ఈ చెయ్యి కూడా పోతోంది. కళ్లు పోయినప్పుడూ ఇంతే, మొదట ఒక మెట్టు తెలియలేదు. ఇప్పుడు చెయ్యి గుడ్డిదవుతోంది."

మరుసటి రోజూ అంతే. దూరంగా డిపో వైపు నుంచి బస్సు హారను వినపడితే కిటికీ తలుపు వేసెయ్యమన్నాడు. నడకక్క లేచి కిటికీ మూసింది.

పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లగానే నడకక్క, గింజలు కట్టబోతున్న కొలతలమ్మాయి చెయ్యి పట్టుకుంది. "ఆ పాడైపోయిన నడక ఉందిగా తల్లీ, ఎర్రగీతది. అది ఒకసారి చూపించు."

"దాన్నెందుకక్కా మళ్లీ? పోయిన పీడ."

"చూపించు."

గీతల మనిషి తెర మీదకు వచ్చింది. ఇది మొదటిదానిలా తేలడం లేదు. కాస్త ఎడమకు ఒరిగి, నిదానంగా, పక్కన ఎవరో ఉన్నట్టు జాగా వదిలి నడుస్తోంది. వసారా మధ్యకు వచ్చేసరికి కొలతలమ్మాయి బొమ్మను ఆపింది.

"ఇదిగో, ఇక్కడే అసలు తేడా. చూడు, ఎడమ భుజం రవ్వంత కిందకి దిగుతుంది. పాదం కాస్త ఆగుతుంది. అప్పుడు అడుగు పడుతుంది. ఎప్పుడు నడిచినా ఇదే చోట. నేను నేలంతా తడిమి చూశానక్కా. ఇక్కడ మెట్టు లేదు, గుంట లేదు. బూడిద రంగు అయిపోయి నీలం మొదలవుతుంది, అంతే. ఎవరికో ఏదో చెప్తున్నట్టు ఉంటుంది. కానీ పక్కన ఎవరూ లేరు కదా?"

నడకక్క అక్కడున్న అట్టపెట్టె మీద కూలబడిపోయింది. నేల రంగు మారితే చాలు, ఏదో అంచు వచ్చిందని ఆవిడ ఒళ్లు చెప్పేస్తోంది. ఆయన ఇంట్లో కుర్చీలో ఉన్నా, ఇక్కడ ఈ వసారాలో, ఏమండీ మెట్టుంది జాగ్రత్త అని చెబుతూనే ఉంది. ఇన్ని నెలలూ నీళ్ల మీద ఒక్కతే నడుస్తున్నాననుకుంది. ఒక్కతే కాదు. ఆయన్ని కూడా వెంటబెట్టుకునే నడిచింది, తనకే తెలియలేదు. ఆవిడకు ఏడుపు ఆగలేదు. కొలతలమ్మాయి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

నెలాఖరు వచ్చింది. సూపర్‌వైజరు స్వయంగా వచ్చి తెర పక్కన నిలబడ్డాడు. గింజలు కట్టారు. నడకక్క బొమ్మలా నిలబడింది. నేర్చుకున్న నడక కాళ్లలో సిద్ధంగానే ఉంది. అది నడిస్తే వసారా తనది. పోనీ ఇక్కడ ఒకటి, బయట ఒకటి నడుద్దామా అంటే అదీ కుదరదు. ఒంటికి రెండు నాలుకలు ఉండవు, ఆ సంగతి డిపో గేటు దగ్గరే తేలిపోయింది. కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతోంది. "ఊఁ, నడువక్కా," అంది కొలతలమ్మాయి.

ఆవిడ కళ్లు సగం మూసుకుని, ఎడమ భుజం మీద ఒక వెచ్చటి అరచెయ్యి ఉందనుకుంది. ఆ బరువుతో బయల్దేరింది. నీలం దగ్గరకు వచ్చేసరికి భుజం దిగింది, పాదం ఆగింది. ఆ చివరకు వెళ్లి, మళ్లీ ఈ చివరకు వచ్చింది. తెర మీద గీత ఎర్రగా ఉంది.

"మొన్న బాగానే ఉందన్నారు కదమ్మా, మళ్లీ ఏమైంది?" అన్నాడు సూపర్‌వైజరు.

"మొన్నటిది దొంగనడకండీ. నాది ఇదే."

ఆయన తల గోక్కున్నాడు, తెరను చూశాడు, ఆవిడను చూశాడు. చివరికి, "సరే, పట్టీలు కట్టే పనిలో ఉండు. కొత్తమ్మాయి వస్తుంది," అని వెళ్లిపోయాడు. మర్నాడే వచ్చింది ఆ కొత్తమ్మాయి, సరుగుడు చెట్టులా సన్నగా, పొడుగ్గా. నడకక్క వంగి ఆ పిల్ల చీలమండలకు గింజలు కట్టింది. "కదలకు తల్లీ, బొమ్మలా నిలబడు. ఈ కాసేపే హాయి," అంది. లోపల మాత్రం ప్రాణం విలవిల్లాడింది.

పాత మూలనడకను తీసేసే ముందు కొలతలమ్మాయి దాన్ని చివరిసారి చూపించింది. గీతల మనిషి తల నిటారుగా తేలుతూ వచ్చింది. నీలం అంచు దగ్గర ఆగలేదు. ఎవరికీ ఏమీ చెప్పకుండా దాటిపోయింది. కిందటి నెలంతా దాన్ని చూసి కుళ్లుకున్న నడకక్కకు ఇప్పుడు జాలేసింది. పాపం, చిన్నపిల్ల. ఒక్కతే పోతోంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భర్త ముందు నేల మీద కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

"మీ చెయ్యి గుడ్డిది కాలేదండీ. నా భుజమే మూగబోయింది." అని జరిగిందంతా చెప్పింది. ఎర్రగీత, తువ్వాలు, కొత్త చెప్పుల అబద్ధం, అన్నీ.

డ్రైవరుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "బుద్ధుందా నీకు? నాకోసం ఉద్యోగం చెడగొట్టుకుంటావా? నేను కుర్చీలో పడుండేవాణ్ని కదే!"

"మీకోసమేం కాదు," అంది ఆవిడ. "నాకిప్పుడు వేరే నడక రాదు."

ఆయన కాలితో నేల మీద చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

వీధిలో ఎండ చల్లబడింది. కట్టు కట్టిన చెయ్యి మొదట భుజం మీద భయంభయంగా వాలింది, పోనుపోను బరువు వదిలింది. కాగితాల కొట్టు దాటారు. నడకక్క తన వసారా గురించి ఆలోచిస్తోంది. ఆ నీలం పరుపు మీద ఇప్పుడు ఆ పొడుగుపిల్లకి ఎవరు ఎదురొస్తారో అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దారి మసకబారింది. మందుల షాపు ఎప్పుడు దాటారో తెలియలేదు. ఎదురుగా డిపోలో ఒక బస్సు గుర్రుమంది.

"విన్నావా? ఆ క్లచ్చి ఇంకా బాగుచేయలేదు వెధవలు," అన్నాడు డ్రైవరుగారు.

ఉలిక్కిపడి కిందకు చూసింది. కాలిబాట వెనకే ఉండిపోయింది. ఆయన అప్పటికే మెట్టు దిగి, ఆవిడ పక్కన రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.